మసి కాలాలంటే దూరం పోవాలి

అనంతపురం జిల్లా కుందుర్పిలో ఒక ఇంటి ముందు రేకుల షెడ్డు కింద డీజిల్ ఎస్.యు.వి. కనిపించిందంటే, అది రోజూ తిరిగే బండి కాకపోవడానికే అవకాశం ఎక్కువ. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు కూడా నిలకడగా పడని వాన, దాన్నే నమ్ముకున్న వేరుశనగ చేలు, ఎండిపోయిన బోర్లు కలిసి ఈ పీఠభూమి నుంచి ఎన్నో కుటుంబాలను బెంగళూరు దారి పట్టించాయి. సంపాదన కాస్త కుదుటపడ్డాక కొన్న కారు చాలాసార్లు ఊళ్లోనే ఉండిపోతుంది. పెద్దవాళ్లను ఆసుపత్రికి తీసుకుపోవడానికి, పెళ్లిళ్లకు, ఉగాదికి, దసరాకు బయటికి తీస్తారు. తక్కిన రోజుల్లో కవరు కప్పుకుని నిలబడి ఉంటుంది, లేదంటే తోట దాకా, పక్క పల్లె దాకా రెండు మూడు కిలోమీటర్లు పోయి వస్తుంది. అమ్మకానికి పెట్టినప్పుడు మాత్రం మీటరు చూపించి, తక్కువ తిరిగిన బండి అని గొప్పగా చెప్తారు. 2020 తర్వాత తయారైన డీజిల్ కారు విషయంలో ఆ మాట వినగానే ధర పెంచడం కాదు, బానెట్ ఎత్తి చూడమనాలి.

ఇలాంటి బండ్లకు వచ్చే జబ్బులు రెండు. మొదటిది, డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగి, కొన్నాళ్లకు పికప్ పడిపోవడం. రెండోది, స్టాప్-స్టార్ట్ అనే సౌకర్యం పనిచేయడం మానేసి, ఆ తర్వాత ఒక రోజు సెల్ఫ్ కూడా తీసుకోకపోవడం. మొదటి దానికి యజమాని అనంతపురం షోరూముకు పోతాడు, రెండో దానికి బ్యాటరీ అంగడికి పోతాడు. ఇద్దరు వేర్వేరు మనుషులు చూస్తారు కాబట్టి ఇవి వేర్వేరు జబ్బులనే అనుకుంటాడు. నిజానికి రెండింటి మూలం ఒకటే. ఈ కారులోని యంత్రాంగమంతా ఇంజన్ తగినంత వేడెక్కి, తగినంత సేపు పరుగెడుతుందన్న నమ్మకం మీద కట్టింది. ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్న లెక్క దానికి పెద్దగా పట్టదు. తాళం తిప్పిన ప్రతిసారీ ఎంత దూరం పోయిందన్నదే దానికి ముఖ్యం.

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బి.ఎస్.6 ప్రమాణాలు అమల్లోకి వచ్చాయి. మధ్యలో ఉండవలసిన బి.ఎస్.5 మెట్టును వదిలేసి, నేరుగా బి.ఎస్.4 నుంచి 6కు దూకాం. డీజిల్ కారు కిలోమీటరుకు వదలదగిన మసి ధూళి 25 మిల్లీగ్రాముల నుంచి 4.5 మిల్లీగ్రాములకు తగ్గింది. అంతకంటే కఠినమైన షరతు రేణువుల సంఖ్య మీద పెట్టారు. కిలోమీటరుకు 60,000 కోట్ల రేణువులకు మించకూడదన్నారు. వినడానికి ఇదే భయంకరంగా ఉంది గానీ, ఫిల్టర్ లేని డీజిల్ ఇంజన్ ఇంతకు వంద రెట్లు వదలడం మామూలే. ఇంజన్‌ను ఎంత సవరించినా ఆ అంకె అందుకోవడం కష్టం. పొగ గొట్టంలో ఒక వడపోత పెట్టక తప్పలేదు. దాని పేరే డీజిల్ పార్టిక్యులేట్ ఫిల్టర్, మెకానిక్కుల నోట డి.పి.ఎఫ్. ఇదేమీ కొత్తగా కనిపెట్టింది కాదు, 2000లోనే ప్యూజో 607 కారులో కంపెనీ బిగించి అమ్మింది. మన పీఠభూమికి కూడా ఇది దూరపు చుట్టం కాదు. ఇదే ఉమ్మడి అనంతపురం జిల్లాలో, పెనుకొండ దగ్గరి కియా కర్మాగారం నుంచి 2019లో బయటికొచ్చిన సెల్టోస్ డీజిల్ గడువుకు ముందే బి.ఎస్.6కు సిద్ధమై వచ్చింది. మారుతి సరిగ్గా అదే గడువు దగ్గర డీజిల్ కార్లకే స్వస్తి చెప్పింది. చిన్న డీజిల్ కారుకు ఇంత సరంజామా బిగిస్తే గిట్టుబాటు కాదన్నది ఆ కంపెనీ లెక్క. ఆ లెక్కను కొనేవాళ్లు కూడా ఒకసారి వేసుకోవాల్సింది, ఎవరూ వేసుకున్నట్టు లేరు.

ఫిల్టర్ లోపల ఏముందో దగ్గరగా చూడాలి. అది పింగాణీ జాతికి చెందిన ఒక దిమ్మె, సిలికాన్ కార్బైడ్‌తోనో కార్డియరైట్‌తోనో చేస్తారు. దాని నిండా పొడుగునా సన్నటి చదరపు గొట్టాలు, ఒక్కోటి మిల్లీమీటరు, మిల్లీమీటరున్నర వెడల్పు. ఒక గొట్టానికి ముందు మూతి తెరిచి వెనక మూతి మూసేస్తారు, దాని పక్క గొట్టానికి ముందు మూసి వెనక తెరుస్తారు. అందుకని లోపలికి వచ్చిన పొగకు గోడలోంచి దూరి పక్క గొట్టంలోకి పోవడం తప్ప వేరే దారి ఉండదు. ఆ గోడకు ఉన్న రంధ్రాలు 10, 15 మైక్రాన్ల వెడల్పు, పట్టుకోవాల్సిన మసి రేణువు మాత్రం మైక్రాన్‌లో పదో వంతు. నూరు రెట్లు పెద్ద రంధ్రంలో ఆ రేణువు ఎలా చిక్కుతుంది? అంత చిన్న రేణువు తిన్నగా పోదు. గాలి అణువులు ఢీకొట్టడంతో అటూ ఇటూ తూలుతూ, రంధ్రం వంకరల్లో ఎక్కడో ఒకచోట గోడకు తగిలి అతుక్కుంటుంది. దాని మీద ఇంకొకటి, ఆ పైన మరొకటి. కాసేపటికి గోడ మీద పల్చటి మసి పొర ఏర్పడుతుంది, ఆ తర్వాత వడగట్టే పని ఆ పొరే చేస్తుంది. అందుకే పూర్తిగా శుభ్రంగా ఉన్న ఫిల్టర్ కంటే కాస్త మసి పట్టిన ఫిల్టరే బాగా వడగడుతుంది. ఇబ్బందల్లా ఆ పొర అక్కడితో ఆగకపోవడమే.

ఇంజన్ కిలోమీటరుకు పాతిక మిల్లీగ్రాముల మసి వదిలిందనుకుంటే 500 కిలోమీటర్లకు పన్నెండున్నర గ్రాములు పోగవుతుంది. రెండున్నర లీటర్ల ఫిల్టర్‌కు అది దాదాపు నిండు భోజనం. గుప్పెడు మసి, అంతే. ఆ గుప్పెడుకే టన్నున్నర బండి పికప్ పోగొట్టుకుంటుంది. దాన్ని బయటికి తీసి దులిపే ఏర్పాటు లేదు, ఉన్నచోటనే కాల్చెయ్యాలి. హైవే మీద బరువుతో పోతున్నప్పుడు పొగ వేడి 250 నుంచి 400 డిగ్రీల మధ్య ఉంటే, పొగలోనే ఉండే నైట్రోజన్ డయాక్సైడ్ ఆ మసిని నెమ్మదిగా తినేస్తూ ఉంటుంది. ఎవరికీ తెలియకుండా జరిగే పని అది. రోజూ టమాటా గంపలు ఎత్తుకుని అనంతపురం కక్కలపల్లి మార్కెట్టుకు పోయే పికప్ బండికి ఈ దీపం గొడవ పెద్దగా తెలియకపోవడానికి కారణం ఇదే. పొట్టి ప్రయాణాల కారుకు ఆ అదృష్టం లేదు. అందుకని ఫిల్టర్‌కు ముందూ వెనకా పీడనం తేడా కొలిచే సెన్సర్ నిండిందని చెప్పగానే కంప్యూటరే రంగంలోకి దిగుతుంది. సిలిండర్‌లో మంట అయిపోయాక, ఆలస్యంగా మరికాస్త డీజిల్ చిమ్మిస్తుంది. ఆ డీజిల్ కాలకుండా పొగతో కలిసి ముందున్న ఉత్ప్రేరకం దాకా పోయి అక్కడ మండుతుంది. వేడి 600 డిగ్రీలకు చేరి మసి కాలిపోతుంది. దీన్ని రీజనరేషన్ అంటారు. పూర్తి కావడానికి పది నుంచి ఇరవై నిమిషాలు పడుతుంది, అదీ ఇంజన్ ముందే వేడెక్కి బండి ఒకే వేగంతో పోతూ ఉంటేనే. దీపం వెలిగితే 60 కిలోమీటర్లు మించిన వేగంతో సుమారు 25 నిమిషాలు నడపమని కొన్ని కంపెనీల మాన్యువళ్లలోనే రాసి ఉంటుంది. ట్యాంకులో డీజిల్ అడుగంటి ఉంటే కొన్ని మోడళ్లు ఈ పని మొదలే పెట్టవు. ఐదు వందలకు ఒకసారి పోయించుకునే అలవాటున్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఇప్పుడు తోట దాకా పోయి వచ్చే కారును తీసుకోండి. రెండు కిలోమీటర్లు పోయేసరికి ఇంజన్‌లో నీళ్లు కూడా వేడెక్కవు. చల్లటి ఇంజన్ పచ్చికట్టెల పొయ్యి లాంటిది, మంట తక్కువ పొగ ఎక్కువ. అంటే మసి మామూలు కంటే ఎక్కువగా తయారవుతుంది, కాలే అవకాశం మాత్రం సున్న. ఇలా ఇరవై ముప్పై సార్లు జరిగాక ఒక రోజు కంప్యూటర్ తెగించి రీజనరేషన్ మొదలుపెడుతుంది. మూడు నిమిషాలకు ఇల్లు వస్తుంది, తాళం తీసేస్తారు. సగం కాలిన మసి అక్కడే ఉంటుంది. ఆలస్యంగా చిమ్మిన డీజిల్‌లో కొంత సిలిండర్ గోడల మీదుగా జారి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. పెట్రోలైతే ఆయిల్ వేడెక్కినప్పుడు ఆవిరైపోయేది. డీజిల్ అంత తేలిగ్గా పోదు. రీజనరేషన్ మధ్యలో తెగిన ప్రతిసారీ ఇంకాస్త కలుస్తుంది. ఆఖరికి డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ తగ్గడం పోయి పెరిగి ఉంటుంది. కొందరు అది చూసి సంతోషిస్తారు. బండి ఆయిల్ తాగడం లేదని మెకానిక్కు కూడా భరోసా ఇస్తాడు. నిజానికి ఇంజన్‌కు జరుగుతున్న హాని అన్నింటిలోకీ పెద్దది అదే. పల్చబడిన ఆయిల్ బేరింగులను, టర్బోను కాపాడలేదు. మరీ పెరిగితే ఇంజన్ ఆ ఆయిల్‌నే పీల్చి, తాళం తీసినా ఆగకుండా పరుగెత్తే ప్రమాదం ఉంది.

అనంతపురం ఎండలు తెలిసినవాళ్లకు ఇక్కడ ఒక సందేహం రావాలి. ఏప్రిల్, మే నెలల్లో నీడలోనే 40 డిగ్రీలు దాటే చోట ఇంజన్ చల్లగా ఉండటమేమిటి? లెక్క వేస్తే సందేహం నిలవదు. బెంగళూరు 25 డిగ్రీలకు, ఇక్కడి 42 డిగ్రీలకు ఉన్న తేడా 17. ఫిల్టర్‌కు కావాల్సింది 600. ఆ పదిహేడు దానికి ఏ మూలకూ చాలవు. ఇంజన్ వేడెక్కడంలో ఒక అర నిమిషం కలిసొస్తుందేమో, అంతకు మించి ఏమీ లేదు. పైగా ఎండ వల్ల ఒక చెడ్డ అలవాటు పుట్టుకొచ్చింది. లోపల మనుషులను కూర్చోబెట్టి, ఏ.సి. వేసి, బండి నిలబెట్టి గంటసేపు ఇంజన్ ఆడిస్తారు. నిలబడి ఆడే డీజిల్ ఇంజన్ పొగ 150 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది. మసి తయారవుతూనే ఉంటుంది, మీటరు మీద ఒక్క కిలోమీటరు కూడా కదలదు. వారానికోసారి ఇంజన్ ఆన్ చేసి పది నిమిషాలు వదిలేస్తే బండి బాగుంటుందన్నది ఇంకో నమ్మకం. కార్బ్యురేటర్ రోజుల్లో దానికి అర్థముందేమో గానీ ఈ కార్లకు అది కొద్దికొద్దిగా విషం పెట్టడమే.

దుమ్ము సంగతి కూడా ఇక్కడే తేల్చెయ్యాలి. ఈ నేలలో గాలి లేస్తే ఎర్రటి దుమ్ము ఇంటింటా పడుతుంది కాబట్టి ఫిల్టర్ దానివల్లే మూసుకుపోయిందని చెప్పడం తేలిక. దుమ్మును ఆపేది ఇంజన్ లోపలికి పోయే దారిలో ఉన్న ఎయిర్ ఫిల్టర్, డి.పి.ఎఫ్. ఉండేది పొగ బయటికి వచ్చే దారిలో. ఎయిర్ ఫిల్టర్ నిండిపోతే గాలి తక్కువై మసి పెరుగుతుందన్నంత వరకు దుమ్ము తప్పు ఉంది, అంతే. అంతకంటే నేరుగా ఫిల్టర్‌ను చంపేది తప్పు రకం ఆయిల్. సాధారణ ఇంజన్ ఆయిల్‌లో కలిపే లోహపు రసాయనాలు కాలి బూడిదవుతాయి. మసి కాలుతుంది గానీ బూడిద కాలదు, ఎన్ని రీజనరేషన్లు చేసినా ఫిల్టర్‌లోనే ఉండిపోతుంది. అందుకే ఈ కార్లకు బూడిద తక్కువ వదిలే ప్రత్యేకమైన ఆయిల్ పొయ్యాలి. పల్లెల్లో ట్రాక్టర్‌కూ కారుకూ ఒకే డబ్బాలోంచి పోసే అలవాటు ఉంది. ట్రాక్టర్‌కు అది చెల్లుతుంది. 50 హార్స్‌పవర్ దాటిన ట్రాక్టర్లకే 2023 జనవరి నుంచి కొత్త నిబంధనలు వచ్చాయి, అంతకు లోపు ఉన్నవాటికి ఈ ఫిల్టర్ బాధ లేదు.

ఇక స్టాప్-స్టార్ట్. సిగ్నల్ దగ్గర బండి ఆగగానే ఇంజన్ తనంతట తాను ఆగిపోయి, క్లచ్ తొక్కగానే మళ్లీ అందుకునే ఏర్పాటు ఇది. మహీంద్రా దీన్ని మైక్రో హైబ్రిడ్ అన్న పేరుతో బి.ఎస్.6కు చాలా ముందే తన బండ్లలో పెట్టింది, హ్యుందాయ్, కియాలు ఐడిల్ స్టాప్ అండ్ గో అంటాయి. కుందుర్పి మండల కేంద్రంలో ట్రాఫిక్ సిగ్నల్ వెతికినా దొరకదు కాబట్టి దీనివల్ల ఆదా అయ్యే డీజిల్ గురించి మాట్లాడుకోవడం కూడా దండగ. అయినా ఇది పనిచేయడం మానేస్తే పట్టించుకోవాలి. ఎందుకంటే ఇంజన్ ఆపేముందు కంప్యూటర్ బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ మీదున్న సెన్సర్‌ను అడుగుతుంది, మళ్లీ స్టార్ట్ చేసేంత సత్తువ ఉందా అని. లేదని జవాబొస్తే ఇంజన్‌ను ఆపదు. అంటే ఇది పాడైందని మనం అనుకునేటప్పటికి అది సరిగ్గా తన పని చేస్తోంది, మనల్ని దారిలో నిలబెట్టకుండా కాపాడుతోంది.

బ్యాటరీ సత్తువ ఎటు పోయింది? పదేపదే స్టార్ట్ చేయడం వల్లేనని ఎక్కువమంది నమ్మకం. అంకెలు వేరే చెప్తాయి. డీజిల్ ఇంజన్‌ను తిప్పడానికి సెల్ఫ్ మోటారు 300 ఆంపియర్లు లాగినా అది ఒకటి రెండు సెకన్ల పనే, ఖర్చయ్యేది ఆంపియర్-అవర్‌లో పదో వంతు నుంచి ఐదో వంతు లోపు. అదే కారు తాళం వేసి నిలబడి ఉన్నప్పుడు అలారం, రిమోట్ తాళం, గడియారం, ఫోన్‌తో మాట్లాడే యాప్ పరికరం కలిసి 30 మిల్లీఆంపియర్లు లాగుతున్నాయనుకోండి. నెలకు 720 గంటలు, మొత్తం 21 ఆంపియర్-అవర్లు దాటుతుంది. 70 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో మూడో వంతు దగ్గరికి. నూరుసార్లు స్టార్ట్ చేసినంత ఖర్చు ఒక్క నెల ఊరికే నిలబెట్టినందుకు. పైగా ఇలాంటి కార్లలో ఆల్టర్నేటర్ బ్యాటరీని ఎప్పుడూ నిండా నింపదు. బ్రేకు వేసినప్పుడు పుట్టే కరెంటు పట్టడానికి చోటు ఉండాలని కొంత ఖాళీగానే ఉంచుతుంది. అంటే షెడ్డులో పెట్టేసరికే అది నిండు కుండ కాదు. సీసం-ఆమ్లం బ్యాటరీ తనంతట తాను ఖాళీ అయ్యే వేగం పది డిగ్రీలు వేడి పెరిగితే దాదాపు రెట్టింపవుతుంది. అందుచేత మన ఎండ ఫిల్టర్‌కు ఏ మేలూ చేయకపోయినా బ్యాటరీని మాత్రం తినేస్తుంది. రేకుల షెడ్డు కింద మే నెల ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు. ఖాళీగా చాలాకాలం పడి ఉంటే పలకల మీద సల్ఫేటు గట్టిపడి, తర్వాత ఎంత ఛార్జి చేసినా పాత సత్తువ రాదు.

ఈ రెండు జబ్బులూ ఒకదాన్నొకటి దాచిపెట్టుకుంటాయి కూడా. రీజనరేషన్ జరుగుతున్నంతసేపు కంప్యూటర్ ఇంజన్‌ను ఆపనివ్వదు కాబట్టి ఫిల్టర్ నిండిన బండిలో స్టాప్-స్టార్ట్ పలకదు. యజమాని బ్యాటరీ మార్పిస్తాడు, అదీ స్టాప్-స్టార్ట్‌కు తగిన ఏ.జి.ఎం., ఇ.ఎఫ్.బి. రకం కాకుండా అంగట్లో చవగ్గా దొరికింది వేయిస్తాడు. నెలరోజులకు మళ్లీ మొదటికే వస్తుంది. బ్యాటరీని అనుమానించే ముందు ఒక చిన్న పరీక్ష చాలు. పొద్దున్నే, ఏ.సి. ఆపి, అరగంట నడిపి ఇంజన్ వేడెక్కాక బండి నిలిపి చూడాలి. అప్పుడూ ఇంజన్ ఆగకపోతే బ్యాటరీనో ఫిల్టర్‌నో చూపించుకోవాలి. ఇంజన్ సౌండు కాస్త పెరిగి, మైలేజీ మీటరు పడిపోయి, ఇల్లు చేరాక కూడా ఫ్యాన్ బర్రుమని తిరుగుతూ, కాలిన వాసన వస్తుంటే రీజనరేషన్ నడుస్తోందని అర్థం. ఆ సమయంలో వీధి మలుపులో తాళం తియ్యకుండా ఇంకో పది కిలోమీటర్లు పోయిరావడం చవక వైద్యం.

ఈ మాటలన్నీ విన్నాక పెద్దవాళ్లు వేసే మొదటి ప్రశ్న న్యాయమైనదే. మా కాలంలో జీపులు ముప్పై ఏళ్లు నడిచాయి, ఏ ఫిల్టరూ లేదు, ఏ దీపమూ వెలగలేదు కదా అంటారు. ఆ జీపుకు ఈ కష్టం రాకపోవడానికి కారణం అది తన మసిని మన ముక్కుల్లోకి వదలడం. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012 జూన్‌లో డీజిల్ పొగను మనుషుల్లో క్యాన్సర్ తెచ్చేదన్న మొదటి తరగతిలో చేర్చింది. మైక్రాన్‌లో పదో వంతున్న రేణువు ఊపిరితిత్తుల చివరి గదుల దాకా పోతుంది. రెండో ప్రశ్న దీనికంటే గట్టిది. కుందుర్పిలో ఉన్న కార్లెన్ని, గాలిమరలు తిప్పే ఈ గాలిలో ఆ మసి ఎంత, అందుకోసం ఇంత ఖర్చా అని. ఇందులో కొంత నిజముందని ఒప్పుకోవాలి. నెలకు నాలుగుసార్లు బయటికి వచ్చే కారు ఊరి గాలిని పాడుచేసేది తక్కువ. కానీ అదే కారు ఒక్కోసారి పండగ అయిపోగానే పావగడ మీదుగా బెంగళూరు పోతుంది, అక్కడ లక్షల బండ్ల మధ్య నిలబడుతుంది. ఊళ్లోనైనా పొగను పీల్చేది బస్టాండులో దాని వెనక నిలబడ్డ బడిపిల్లలు. గాలి ఎంత విశాలమైనా గొట్టానికి మూడడుగుల దూరంలో ఉన్నవాళ్లకు అది విశాలం కాదు.

ఫిల్టర్ పీకించి లోపల ఖాళీ చేయించి, కంప్యూటర్‌కు అబద్ధం చెప్పే ప్రోగ్రాం వేయించే పద్ధతి ఈ ప్రశ్నల నుంచే పుట్టింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇలా మార్చకూడదు. కాలుష్య ప్రమాణాలు ఉల్లంఘిస్తే 2019 సవరణ తర్వాత 190వ సెక్షన్ కింద పది వేల రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ ఉన్నాయి. అయినా జరుగుతూనే ఉంది. కారణం, మన పొల్యూషన్ సర్టిఫికెట్ పరీక్షలో డీజిల్ పొగ ఎంత నల్లగా ఉందో చూస్తారే తప్ప రేణువులను లెక్కపెట్టరు. కొత్త ఇంజన్ పొగ ఫిల్టర్ లేకపోయినా కంటికి పెద్దగా నల్లగా కనిపించదు. బ్రిటన్ 2014 ఫిబ్రవరి నుంచి ఏటా జరిగే తనిఖీలో ఫిల్టర్ ఉందో లేదో చూడటం మొదలుపెట్టింది. దాన్నీ మోసం చేయవచ్చని తేలాక నెదర్లాండ్స్, జర్మనీ 2023లో రేణువులను నేరుగా లెక్కపెట్టే యంత్రాలు తెచ్చాయి. మనమూ ఎప్పటికైనా అటే పోవాలి. అప్పుడు ఫిల్టర్ పీకిన బండి కొనుక్కున్న రెండో యజమాని పరిస్థితి ఏమిటన్నది ఇప్పుడే ఆలోచించుకోవడం మేలు.

మూడో అభ్యంతరం డబ్బుది. డీజిల్ చవక కదా అంటారు. 2012లో ఢిల్లీలో పెట్రోలు 73 రూపాయలుంటే డీజిల్ 41. లీటరుకు 32 రూపాయల తేడా. మన జనానికి డీజిల్ కారు మీద మోజు ఆ రోజుల్లో ముదిరింది. 2014 అక్టోబరులో డీజిల్ ధర మీద నియంత్రణ ఎత్తేశాక ఆ తేడా కరిగిపోయింది. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో అది పన్నెండు రూపాయల చుట్టుపక్కల ఉంది. సరిహద్దు దాటి కర్ణాటక బంకులో పోయించుకుంటే లీటరుకు ఇంకొన్ని రూపాయలు మిగులుతాయి, కానీ అక్కడ పెట్రోలు కూడా చవకే కాబట్టి పోలిక మారదు. ఏడాదికి 6,000 కిలోమీటర్లు తిరిగే ఇల్లు అనుకుందాం. లీటరుకు 14 కిలోమీటర్లు ఇచ్చే పెట్రోలు కారు 429 లీటర్లు తాగుతుంది, 109 రూపాయల చొప్పున దాదాపు 46,700. పద్దెనిమిది ఇచ్చే డీజిల్ కారుకు 333 లీటర్లు, 97 రూపాయల చొప్పున 32,300. ఆదా పద్నాలుగు వేల నాలుగు వందలు. డీజిల్ కారు కొన్నప్పుడు లక్షా పాతిక వేలు ఎక్కువ కట్టి ఉంటే ఆ సొమ్ము తిరిగి రావడానికి ఎనిమిదేళ్లు దాటుతుంది. మధ్యలో ఒక్కసారి ఫిల్టర్ మార్చాల్సి వచ్చినా కొన్నేళ్ల ఆదా అందులోనే పోతుంది. అంకెలు ఇంటింటికీ మారతాయి, లెక్క వేసే తీరు మారదు.

విచిత్రమేమిటంటే, ఈ విషయంలో కుందుర్పివాసికి బెంగళూరువాసి కంటే మంచి అవకాశం ఉంది. మహానగరంలో ఇరవై కిలోమీటర్ల ప్రయాణం కూడా గంటన్నర నత్తనడక, రీజనరేషన్‌కు కావాల్సిన వేగం దొరకదు. ఇక్కడి నుంచి కళ్యాణదుర్గం ముప్పై కిలోమీటర్లకు అటూ ఇటూ, అక్కడి నుంచి అనంతపురం మరో అరవై దాకా. రద్దీ లేని రోడ్డు. ఒక్కసారి అనంతపురం పోయొస్తే ఫిల్టర్ శుభ్రంగా కాలిపోతుంది, బ్యాటరీ కూడా కోలుకుంటుంది. ఊరి దూరమే ఈ బండికి మందు. కాబట్టి తోట దాకా, పాల కేంద్రం దాకా, పక్క పల్లె దాకా మోటార్‌సైకిల్ చాలు. కారు తీస్తే కనీసం కళ్యాణదుర్గం దాకా పోవాలి, ట్యాంకు పావుకు తగ్గకుండా ఉండాలి. మూడు నాలుగు వారాలు తియ్యని పరిస్థితి ఉంటే ఇంట్లో ప్లగ్గుకు తగిలించే చిన్న బ్యాటరీ ఛార్జర్ పెట్టుకోవడం పది నిమిషాలు ఇంజన్ ఆడించడం కంటే వందరెట్లు నయం. ఆయిల్ పదివేల కిలోమీటర్లు కాలేదని ఆగకుండా ఏడాదికోసారి మార్పించాలి. అదీ మాన్యువల్‌లో రాసిన రకమే. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పై గీత దాటి కనిపిస్తే, దూరం నడిపి మసి కాల్చుకుందామన్న ఆలోచన కూడా చేయకూడదు. ముందు ఆయిల్ మార్పించాలి. పసుపు దీపం ఎర్రబడినా, పికప్ పూర్తిగా పోయినా నడపడంతో పని కాదు. మసి మరీ పేరుకున్నాక ఒక్కసారిగా అంటుకుంటే లోపలి వేడి వెయ్యి డిగ్రీలు దాటి ఫిల్టర్ పగిలిపోతుంది, అందుకే కంప్యూటర్ ఆ దశలో కాల్చడానికి ఒప్పుకోదు. సర్వీస్ సెంటర్‌లో యంత్రం తగిలించి చేయాల్సిందే.

కొత్తగా కొనబోయేవాళ్లు షోరూముకు పోకముందు పోయిన ఏడాది క్యాలెండర్ తీసి చూసుకోండి. ఒక్కసారి కూడా ఆగకుండా అరగంటకు పైగా కారు నడిపే పని నెలకు రెండుసార్లయినా పడి ఉండకపోతే, ఎవరు ఎంత తగ్గింపు ఇస్తామన్నా డీజిల్ వద్దు, పెట్రోలు కారు తీసుకోండి.